ఇరవై ఏళ్లు దాటిన ఫ్లాటులో వంటగదిని మార్చి కట్టించుకోవాలి: గోడ తీయించాలా, గట్టు ఎటు వేయించాలి?

పెరటి_జామ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది గుంటూరులో 2003లో కట్టిన అపార్ట్‌మెంటులో, రెండవ అంతస్తులో ఉన్న రెండు పడక గదుల ఫ్లాటు. ఇన్నేళ్లుగా బిల్డరు కట్టి ఇచ్చిన వంటగదిలోనే సర్దుకుంటూ వచ్చాము. పిల్లల పరీక్షలు అయిపోగానే ఈసారి దానిని పూర్తిగా మార్పించాలని అనుకుంటున్నాము. డబ్బు పెట్టాక పాత ఇబ్బందులే కొత్త రంగుల్లో మిగిలిపోతాయేమోనన్న భయంతో మీ సలహా అడుగుతున్నాను.

గది కొలతలు ఇవి. తూర్పు పడమరలుగా ఏడున్నర అడుగులు, ఉత్తర దక్షిణాలుగా పది అడుగులు. తూర్పు గోడ పొడవునా రెండడుగుల వెడల్పు గట్టు ఒక్కటే ఉంది. దాని దక్షిణపు చివర గోడకు ఆనుకుని స్టవ్ ఉంటుంది. అక్కడికి అడుగున్నర దూరంలోనే సింకు ఉంది కాబట్టి, ఒకరు గిన్నె కడుగుతుంటే ఇంకొకరు వేయించే మూకుడులో నీటి తుంపరలు పడి నూనె చిటచిటలాడుతుంది. సింకుకు అవతల మిగిలిన గట్టును మిక్సీ, గ్రైండరు, నీళ్ల ఫిల్టరు, రైస్ కుక్కరు ఆక్రమించుకున్నాయి. కూరగాయలు తరగాలంటే నేను భోజనాల బల్ల దగ్గరకు వెళ్లవలసిందే. కిటికీ మూడడుగులది, తూర్పు గోడకే, కాస్త ఉత్తరం వైపుగా ఉంది. ఉత్తరపు గోడలో వాష్ ఏరియాకు తలుపు, పడమటి గోడలో ఉత్తరపు చివర వంటగది తలుపు ఉన్నాయి. ఫ్రిజ్ హాలులో, టీవీకి అవతలి మూలన ఉంది. గట్టు కింద కడప బండలతో అరలు కట్టారు గాని వాటికి తలుపులు లేవు.

ఒక మాడ్యులర్ కిచెన్ దుకాణం వారు వచ్చి కొలతలు తీసుకుని, కంప్యూటరులో బొమ్మలు గీసి చూపించారు. భోజనాల గదికీ వంటగదికీ మధ్య ఉన్న పడమటి గోడను పూర్తిగా తీసేసి, ఆ స్థానంలో ఎత్తు కుర్చీలు వేసుకునే కౌంటరు పెట్టి, దానికి ఎదురుగా తూర్పున రెండవ గట్టు ఉంచుతామన్నారు. బొమ్మలు చాలా అందంగా ఉన్నాయి గాని, వాటిలో ఎక్కడా పోపుల డబ్బా గాని, ఇడ్లీ పాత్ర గాని, ఆవకాయ జాడీ గాని కనిపించలేదు. ఒక గాజు గిన్నెలో నిమ్మకాయలు మాత్రం ఉన్నాయి.

ఇంట్లో వంట చేసేది నేనూ, మా అత్తగారూ. ఆవిడకు అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. వాస్తు ప్రకారం పొయ్యి ఆగ్నేయంలో, తూర్పు ముఖంగా వండేలా ఉండాలని ఆవిడ కోరిక. నాకూ అభ్యంతరం లేదు. ఖర్చు నాలుగు లక్షలు దాటకూడదు. గోడ తీయించడం మంచిదేనా, గట్టు ఏ ఆకారంలో ఉండాలి, అల్మారాలకు ఏ చెక్క వాడాలి అన్నవి నా ప్రధాన సందేహాలు.


సిమెంటు_ఇసుక

నేను ముప్పై ఏళ్లు భవన నిర్మాణంలో పనిచేసి విరమించిన ఇంజనీరును. గోడ విషయం మాత్రం చెబుతాను, వంట గురించి చెప్పే అర్హత నాకు లేదు.

2003 నాటి అపార్ట్‌మెంటు అంటే దాదాపు తప్పకుండా కాంక్రీటు స్తంభాలు, దూలాల మీద నిలిచిన కట్టడమే అయి ఉంటుంది. అటువంటి భవనంలో మధ్య గోడలు సాధారణంగా బరువు మోయవు. గదులను విడదీయడానికి మాత్రమే కడతారు. అయినా "నాలుగున్నర అంగుళాల గోడే కదా" అని మేస్త్రీ చెప్పిన మాట మీద సమ్మెట ఎత్తనివ్వవద్దు. గోడ పైన దూలం ఉన్నదా, గోడలో ఎక్కడైనా స్తంభం దాగి ఉన్నదా, అందులోంచి కరెంటు గొట్టాలు, నీటి పైపులు ఏవి వెళుతున్నాయి అన్నది ముందు తెలియాలి. అసోసియేషన్ దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగులు ఉంటే ఒక ఇంజనీరుకు చూపించి, ఆయన స్వయంగా వచ్చి చూసిన తరువాతే నిర్ణయించండి. స్తంభాన్నీ దూలాన్నీ ఒక్క అంగుళం కూడా చెక్కనివ్వకూడదు. చిమ్నీ గొట్టం కోసం దూలానికి రంధ్రం కొడతామన్న పనివారిని నేను ఒకటి రెండు చోట్ల స్వయంగా ఆపవలసి వచ్చింది.

గోడ తీయవచ్చా అన్నది ఒక ప్రశ్న, తీయవలసిన అవసరం ఉందా అన్నది వేరే ప్రశ్న. మీకు కావలసింది రెండు గదుల మధ్య మాట, గిన్నె అందేంత తెరుపు మాత్రమే అయితే, పడమటి గోడలో రెండున్నర అడుగుల వెడల్పున కిటికీ వంటి ఖాళీ తీయించి, పైన చిన్న లింటెల్ (ఖాళీ మీది గోడను మోసే కాంక్రీటు పట్టీ) వేయించుకుంటే సరిపోతుంది. గోడ నిలుస్తుంది, అల్మారాలు తగిలించడానికి చోటు మిగులుతుంది, నేలమీది టైల్స్ కూడా రెండు గదులలోనూ మార్చవలసిన పని తప్పుతుంది. పూర్తిగా గోడ తీసిన చోట పాత టైల్స్ మధ్య ఒక గీత మిగిలి, అది కప్పడానికి హాలు మొత్తానికి కొత్త టైల్స్ వేయించిన ఇళ్లు చాలానే చూశాను. అంచనాలో ఎవరూ చూపించని ఖర్చు అది.

ఇంకొక హెచ్చరిక. సింకును జరపాలనుకుంటే నీరు వచ్చే పైపు కష్టం కాదు, నీరు పోయే పైపుకే వాటం కావాలి. వాష్ ఏరియాలో డ్రైన్ ఉంది కాబట్టి సింకు ఉత్తరానికి జరిగితే మీ పని తేలిక అవుతుంది. దక్షిణానికో, పడమటికో జరిపితే నేలను తవ్వవలసి వస్తుంది. తవ్విన చోట వాటర్‌ప్రూఫింగ్ సరిగా లేకపోతే కింది ఫ్లాటు వారి పైకప్పు మీద చెమ్మ కనిపించిన రోజున మీ కొత్త గట్టును మళ్లీ పగలగొట్టాలి. నేల తవ్వితే, టైల్స్ వేసే ముందు ఒకటి రెండు రోజులు నీరు నిలబెట్టి, కింది ఇంటివారిని అడిగి చూసుకోండి.


ఫ్రిస్కో_గోంగూర

గోడ గురించే ఒక మాట. మేము టెక్సాస్‌లో ఉంటాము. ఇక్కడి ఇళ్లలో వంటగదికీ హాలుకూ మధ్య గోడ ఉండదు. ఇల్లు కొన్న కొత్తలో మాకు అదే ముచ్చటగా ఉండేది. స్టవ్ పైన మైక్రోవేవ్, దాని అడుగున ఫ్యాను ఉండేవి. ఆ ఫ్యాను పొగను బయటకు పంపదు, బొగ్గు ఫిల్టరు గుండా లాగి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఎండుమిరపకాయ, ఇంగువ తాలింపు వేసిన రోజున సోఫా గుడ్డలు, పై అంతస్తులో పిల్లల దుప్పట్లు కూడా ఆ వాసనే. చివరకు ఇక్కడి మన తెలుగు వారు చాలామంది చేసినట్లే మేమూ వేపుళ్లకు, చేపల పులుసుకు పెరటి వరండాలో ఒక గ్యాసు పొయ్యి పెట్టుకున్నాము. కొత్తగా కట్టించుకునే వారైతే వెనుక తలుపు వేసుకునే రెండవ వంటగది కావాలని బిల్డరును అడిగి మరీ చేయించుకుంటున్నారు. మేము లేక బాధపడుతున్న గోడను మీరు డబ్బిచ్చి పడగొట్టించుకోవద్దని నా మనవి.


తాలింపు_గింజలు

నేను పదకొండేళ్లలో రెండుసార్లు వంటగది మార్పించుకున్నాను. రెండవసారి చేయించవలసి వచ్చిందంటే మొదటిసారి తప్పు చేశాననే అర్థం. ఆ తప్పు ఏమిటంటే, నేను పుస్తకంలో బొమ్మ చూసి వంటగది కట్టించుకున్నాను గాని, నా వంట చూసి కాదు.

అందువల్ల మీకు మొదట చెప్పేది గట్టు ఆకారం కాదు. ఒక వారం పాటు, వంట చేస్తూ ఎక్కడి నుంచి ఎక్కడికి ఎన్నిసార్లు నడిచారో ఒక కాగితం మీద గీతలు పెట్టండి. పొద్దున పాలు కాచడం, పప్పు కడిగి కుక్కరులో పెట్టడం, కూర తరగడం, పచ్చడి రుబ్బడం, పిల్లల డబ్బాలు సర్దడం, ఆ తరువాత అంట్లు. మన వంటలో ఎక్కువ సమయం స్టవ్ ముందు గడుస్తుందని అనుకుంటాము గాని, నా కాగితం మీద ఎక్కువ గీతలు సింకుకూ తరిగే చోటుకూ మధ్యనే పడ్డాయి. బియ్యం, పప్పు, కూరగాయలు, ఆకుకూరలు, చింతపండు, అన్నీ నీళ్ల దగ్గర నుంచే పొయ్యి దగ్గరకు వెళతాయి. సింకుకూ స్టవ్‌కూ నడుమ తరగడానికి చోటు లేకపోవడమే మీ వంటగదికి పట్టిన అసలు జబ్బు అని నాకు అనిపిస్తోంది.

దుకాణాల వారు స్టవ్, సింకు, ఫ్రిజ్‌ల మధ్య త్రికోణం గురించి చెబుతారు. 1940లలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్రచారంలోకి వచ్చిన లెక్క అది. త్రికోణపు ఒక్కొక్క భుజం నాలుగు నుంచి తొమ్మిది అడుగులు ఉండాలని, మూడూ కలిపితే ఇరవై ఆరు అడుగులు దాటకూడదని అంటారు. అంతకు ముందే, 1926లో, మార్గరెటె ష్యూటె-లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియా వాస్తుశిల్పి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుల ఇళ్ల కోసం సుమారు ఆరున్నర చదరపు మీటర్ల వంటగదిని రూపొందించింది. అంటే డెబ్భై చదరపు అడుగులు. మీ గది దానికంటే కొంచెం పెద్దదే! చోటు చాలదన్న దిగులు అక్కరలేదని చెప్పడానికే ఈ మాట ఎత్తాను. అయితే ఆ లెక్కలన్నీ ఒక్క మనిషి ఒంటరిగా వండుకునే ఇంటికి వేసినవి. మీ ఇంట్లో ఇద్దరు వండుతారు, మూడవ మనిషి అంట్లు తోముతుంది, నాలుగవ వారు మంచినీళ్ల సీసా కోసం మధ్యలో దూరతారు. అందుకని త్రికోణాన్ని పక్కన పెట్టి, ఇద్దరు ఒకరికొకరు అడ్డం రాకుండా పనిచేయగలరా అన్నది చూడండి.

మీ కొలతలను కాగితం మీద గీసి చూశాను. దుకాణం వారు చెప్పినట్లు తూర్పున, పడమట రెండేసి అడుగుల గట్లు వేస్తే మధ్యలో మూడున్నర అడుగులే మిగులుతుంది. ఒక్కరికైతే చాలు, ఇద్దరు వీపులు తగలకుండా తిరగాలంటే నాలుగడుగులైనా ఉండాలి. పైగా కింది సొరుగు బయటకు లాగితే దారి మూసుకుపోతుంది. నా ఆలోచన ఇది. తూర్పు గట్టు అలాగే ఉండనివ్వండి. దానిని దక్షిణపు గోడ వెంట తిప్పి ఎల్ ఆకారం చేయండి. స్టవ్‌ను మూలలోంచి లాగి, దక్షిణపు గోడకు రెండున్నర అడుగులు ఇవతల తూర్పు గోడకే ఉంచండి. అప్పటికీ అది ఆగ్నేయ భాగమే, ముఖం తూర్పే, మీ అత్తగారికీ సమ్మతమే. మూకుడు పిడి గోడకు కొట్టుకోదు, దించిన గిన్నె పెట్టడానికి కుడిచేతి పక్కన చోటు ఉంటుంది. సింకును వాష్ ఏరియా వైపు, ఈశాన్యానికి జరపండి. నీళ్లు ఈశాన్యాన ఉండడం వాస్తుకూ నప్పుతుంది, ఇంజనీరు గారు చెప్పిన డ్రైన్‌కూ నప్పుతుంది. ఇలాంటి పొత్తు అన్ని ఇళ్లలోనూ కుదరదు. అప్పుడు స్టవ్‌కూ సింకుకూ మధ్య రెండున్నర అడుగుల ఖాళీ, చాలావరకు కిటికీ వెలుతురులోనే, మిగులుతుంది. అక్కడ ఏ వస్తువూ పెట్టనని ఒట్టు పెట్టుకోండి, అది తరిగే చోటు. మిక్సీ, గ్రైండరు, రైస్ కుక్కరు అన్నీ దక్షిణపు గట్టు మీదకు పోవాలి. మీ అత్తగారు అక్కడ రుబ్బుతుంటే మీరు ఇక్కడ వండుకోవచ్చు.

పడమటి గోడకు గట్టు వద్దు. తలుపు పక్క నుంచి పదిహేను అంగుళాల లోతు మాత్రమే ఉన్న అరల బీరువా ఒకటి నేల నుంచి పైదాకా చేయించండి. తక్కువ లోతు ఎందుకంటే, రెండడుగుల లోతు అరలో వెనుక వరుసలోకి వెళ్లిన మినప్పప్పు డబ్బా మళ్లీ పురుగు పట్టాక గాని బయటపడదు. పదిహేను అంగుళాలలో రెండే వరుసలు పడతాయి, అన్నీ కంటికి కనిపిస్తాయి. నడిచే దారి కూడా నాలుగడుగులకు పైనే మిగులుతుంది.

ఫ్రిజ్‌ను లోపలికి తేవాలని తాపత్రయపడవద్దు. ఫ్రిజ్ తలుపు రోజుకు ఎక్కువసార్లు తెరిచేది వంట చేసేవారు కాదు, దాహం వేసినవారు. వంటగది తలుపును ఆనుకుని బయట భోజనాల గది గోడకు పెట్టుకోండి. మీకు తలుపు దాటగానే అందుతుంది, వారు మీ కాళ్లకు అడ్డం పడరు.

అల్మారాల వరకు నా అనుభవం ఒక్కటే: గట్టు కింద తలుపుల అరలు తగ్గించి సొరుగులు పెంచండి. మోకాళ్ల నొప్పులున్న మనిషి వంగి, తల లోపల పెట్టి, వెనుక ఉన్న కుక్కరును వెతకడం కన్నా సొరుగు లాగి పైనుంచి తీసుకోవడం ఎంతో సుఖం. సొరుగుల ఎత్తు నిర్ణయించే ముందు మీ అయిదు లీటర్ల కుక్కరు, ఇడ్లీ పాత్ర, పొడవాటి నూనె సీసా, జాడీలు అన్నిటినీ టేపుతో కొలిచి రాసుకోండి. మొదటిసారి నా సొరుగులన్నీ ఎనిమిది అంగుళాల ఎత్తు చేయించాను. ఇడ్లీ పాత్ర ఏ సొరుగులోనూ పట్టక పదేళ్లూ గట్టు మీదే కూర్చుంది. ఎల్ మూలలో గుండ్రంగా తిరిగే అరలకు పెట్టే డబ్బు వృథా అనిపిస్తుంది. అక్కడ ఒక తలుపు పెట్టి, సంక్రాంతికీ వ్రతాలకూ తప్ప తీయని పెద్ద గుండిగలు పడేయండి.


రంపం_చిత్రిక

వడ్రంగం మా ఇంటి వృత్తి. ప్రస్తుతం మాడ్యులర్ పనులు చేస్తున్నాను. చెక్క గురించి అడిగారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మొదట మీ దగ్గర ఉన్న దాని గురించి. కడప బండలను పగలగొట్టించడానికి తొందరపడవద్దు. ఆ రాయికి చెద పట్టదు, నీటికి ఉబ్బదు, ఇరవై ఏళ్లు మోసింది, ఇంకో ఇరవై మోస్తుంది. తూర్పు గట్టు ఎత్తు మార్చనట్లయితే బండలను అలాగే ఉంచి, ముందు చట్రం బిగించి తలుపులు పెట్టుకుంటే సగం ఖర్చు తప్పుతుంది. ఒక్క ఇబ్బంది ఉంది. బండల అరలు పైన ఒక కొలత, కింద ఒక కొలతగా ఉంటాయి. సొరుగు జారే పట్టాలకు, అంటే చానళ్లకు, రెండు పక్కలా సమానమైన కొలత కావాలి. కాబట్టి సొరుగులు వచ్చే అరలలో బండకు ఆనించి ప్లైవుడ్ పక్కలు వేసి సరిచేయాలి. ఈ పని మాడ్యులర్ దుకాణాలు సాధారణంగా ఒప్పుకోవు, ఎందుకంటే వారి పెట్టెలు ఫ్యాక్టరీలో తయారై వస్తాయి. ఊళ్లో చేయి తిరిగిన కార్పెంటరు చేయగలడు.

కొత్తగా చేయించే అల్మారాలలో సింకు కింద వచ్చే వాటికి ఐఎస్ 710 (ఐఎస్ అంటే భారతీయ ప్రమాణం) గుర్తు ఉన్న ప్లైవుడ్ మాత్రమే వాడండి. దానినే మెరైన్ ప్లై అని, బీడబ్ల్యూపీ అని అంటారు. ఐఎస్ 303 కింద రెండు రకాలు వస్తాయి. వాటిలో మరిగే నీటికి తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం మిగిలిన అరలకు చాలు, చెమ్మకు మాత్రమే తట్టుకునే ఎంఆర్ రకం పడక గది బీరువాలకే గాని వంటగదికి పనికిరాదు. "వాటర్‌ప్రూఫ్ ప్లై" అన్న మాటకు అర్థం లేదు, షీటు మీద ముద్రించిన నంబరుకే అర్థం ఉంది. షీట్లు దిగిన రోజున, కోయక ముందే, ప్రతి దాని మీదా ఐఎస్ఐ గుర్తు మీరే చూసుకోండి. చెక్క నారను జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ పలక చూడడానికి నున్నగా ఉంటుంది, రంగు బాగా పడుతుంది గాని నీరు తగిలితే ఉబ్బి మళ్లీ యథాస్థితికి రాదు. హెచ్‌డీహెచ్ఎంఆర్ అనే, ఇంకా గట్టిగా అదిమిన పలక దానికంటే చెమ్మకు బాగా ఆగుతుంది, తలుపులకు వాడవచ్చు. అల్మారా ఏ చెక్కదైనా అడుగు నేలకు తగలకుండా నాలుగు అంగుళాల కాళ్ల మీద నిలబెట్టి, ముందు ఊడదీయగల పట్టీ పెట్టించండి. మన ఇళ్లలో నేల నీళ్లతో కడుగుతారు; కాళ్లు లేని అల్మారా ఎంత ఖరీదైనదైనా అడుగు నుంచే పాడవుతుంది.

స్టీలు బుట్టలు 304 రకం అడగండి. అయస్కాంతం పెట్టి చూసి, అతుక్కోలేదు కాబట్టి 304 అని దుకాణంలో చూపిస్తారు. చవకైన 202 రకానికీ మామూలుగా అయస్కాంతం అతుక్కోదు, కాబట్టి ఆ పరీక్షను నమ్మి డబ్బు ఇవ్వవద్దు, బిల్లు మీద 304 అని రాయించుకోండి. డబ్బు మిగుల్చుకోవాలంటే తలుపుల మెరుపులో మిగుల్చుకోండి, కీళ్లలోనూ చానళ్లలోనూ కాదు. లామినేట్ గీతలు పడితే చూడడానికి బాగుండదు, అంతే. పప్పు డబ్బాలతో నిండిన సొరుగుకు చానల్ విరిగితే ఇంట్లో రోజూ తగవే.

గట్టు రాతికి నల్ల గ్రానైటును మించినది మన వంటకు లేదు. మీకు దగ్గరలోనే, ప్రకాశం జిల్లా చీమకుర్తిలో, ప్రపంచమంతా కొనుక్కునే బ్లాక్ గెలాక్సీ దొరుకుతుంది. తెల్లటి క్వార్ట్జ్ రాయిలో రెసిన్ కలుస్తుంది, పొయ్యి మీది నుంచి దించిన మూకుడును నేరుగా పెడితే మచ్చ పడుతుంది. పసుపు మరక కూడా కనిపిస్తుంది. పాలరాయి మీద చింతపండు పులుసు, నిమ్మరసం ఒలికితే మెరుపు తినేస్తాయి. గ్రానైటు ముందు అంచుకు అడుగున సన్నని గాడి ఒకటి కోయించండి, గట్టు తుడిచిన నీరు అల్మారా తలుపుల మీదకు కారకుండా అక్కడే చుక్కలుగా రాలిపోతుంది. చాలామంది మరచిపోయే పని ఇది, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

పని వరుస తప్పవద్దు. పగలగొట్టడం, పైపులు, కరెంటు, నేల, గోడల టైల్స్, గ్రానైటు, ఇవన్నీ అయ్యాక చెక్కపనికి మళ్లీ కొలతలు తీసుకోవాలి. టైల్స్‌కు ముందు కొలిచి ఫ్యాక్టరీకి పంపితే గోడకు ఒక్కొక్క పక్కా అర అంగుళం తగ్గి, వచ్చిన పెట్టె లోపలికి పట్టదు.


పెరటి_జామ

మీరందరూ ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. గోడ పూర్తిగా తీయించే ఆలోచన మానుకున్నాము. రెండున్నర అడుగుల తెరుపు చాలు. అసోసియేషన్ కార్యదర్శి దగ్గర డ్రాయింగులు దొరికాయి, ఈ ఆదివారం ఒక ఇంజనీరు వచ్చి చూస్తారు. తాలింపు_గింజలు గారు చెప్పినట్లు మూడు రోజులుగా కాగితం మీద గీతలు పెడుతున్నాను. నిన్న ఒక్క పూటలో భోజనాల బల్లకూ సింకుకూ మధ్య ఇరవై రెండుసార్లు తిరిగానని తేలింది. మా అత్తగారు ఆ కాగితం చూసి, తన గీతలు వేరే రంగు పెన్నుతో వేయమన్నారు.

ఇంకా మూడు సందేహాలు ఉన్నాయి. పైపు గ్యాసు మా వీధికి రాలేదు. సిలిండరును ఎల్ మూల అల్మారాలో పెట్టవచ్చని ఒకరు అంటున్నారు, అది సరైనదేనా? చిమ్నీ అవసరమా, లేక కిటికీలో ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాను చాలునా? మూడవది, ఇప్పటి గట్టు ముప్పై అంగుళాల ఎత్తు ఉంది. అత్తగారు నాకంటే పొట్టి. నాకు నడుము నొప్పి వస్తోంది, పెంచితే ఆవిడకు భుజాలు నొప్పి పుడతాయేమోనని అనుమానం. ఇద్దరికీ పనికివచ్చే ఎత్తు ఉంటుందా?


సిమెంటు_ఇసుక

సిలిండరు గురించి గట్టిగా చెప్పవలసి ఉంది. వంటగ్యాసు గాలి కంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీద మడుగులా పరుచుకుంటుంది. తలుపులు బిగించిన మూల అల్మారాలో సిలిండరు పెట్టడమంటే ఆ మడుగుకు తొట్టి కట్టడమే. గట్టు కిందే పెట్టక తప్పకపోతే ఆ అర అడుగున బయటి గాలి ఆడేలా జాలీ ఉండాలి, సిలిండరు నిటారుగా నిలబడాలి, చేయి పెట్టి రెగ్యులేటరు కట్టగలగాలి. మీకు వాష్ ఏరియా ఉంది కాబట్టి, అక్కడ ఎండ తగలని చోట ఉంచి, లోపలికి రాగి పైపు బిగించుకోవడం మేలు. ఆ పని గ్యాసు ఏజెన్సీ వారి మెకానిక్ చేతనే చేయించి, పూర్తయ్యాక లీకు పరీక్ష చేయించండి. రబ్బరు గొట్టాన్ని మాత్రం గోడ రంధ్రంలోంచి దూర్చవద్దు. గోడలో దాని మీద పగులు వస్తే ఎవరికీ కనిపించదు. కనిపించే గొట్టాన్ని కూడా అయిదేళ్లకొకసారి మార్చాలి. సిలిండరు దగ్గర స్విచ్చులు, ఇన్వర్టరు ఉండకూడదు. వాషింగ్ మెషిన్ ప్లగ్గు కూడా అక్కడే ఉంటే దానిని ఎత్తుకు, దూరానికి జరిపించండి.

చిమ్నీ సంగతికి వస్తే, ఎగ్జాస్ట్ ఫ్యాను గది గాలిని మారుస్తుంది, చిమ్నీ పొయ్యి మీది పొగను పుట్టిన చోటే పట్టుకుంటుంది. స్టవ్ కిటికీకి దూరంగా ఉంటుంది కాబట్టి రెండూ ఉండడం మంచిది. చిమ్నీని పొయ్యికి సుమారు ఇరవై ఆరు నుంచి ముప్పై అంగుళాల ఎత్తున పెట్టాలి. ఆరు అంగుళాల గొట్టం వీలైనంత పొట్టిగా, ఒక్క మలుపుతో తూర్పు గోడలోంచి బయటకు పోవాలి. చిమ్నీ పెట్టె మీద గాలి లాగే శక్తి అని రాసిన సంఖ్య ఎంత పెద్దదైనా, గొట్టానికి మూడు మలుపులు పెడితే ఆ బలం మలుపులలోనే పోతుంది.

కరెంటు విషయం మీరు అడగలేదు గాని, టైల్స్ వేశాక అడిగి లాభం లేదు. ఇండక్షన్ స్టవ్ రెండు వేల వాట్లు అంటే తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది, మామూలు ఆరు ఆంపియర్ల సాకెట్టు దానికి చాలదు. దక్షిణపు గట్టు పైన పదహారు ఆంపియర్ల సాకెట్లు రెండైనా పెట్టించి, నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను నేరుగా బోర్డు నుంచి లాగించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు, లేకపోతే తప్పకుండా పెట్టించండి. తడి చేతులతో మిక్సీ స్విచ్చు నొక్కే గది ఇది.


తాలింపు_గింజలు

ఎత్తు గురించి నేను చెబుతాను. చెప్పులు లేకుండా గోడకు ఆని నిటారుగా నిలబడి, మోచేయి మడిచి, నేల నుంచి మోచేతి వరకు కొలవండి. దానికి నాలుగు నుంచి ఆరు అంగుళాల కింద గట్టు ఉంటే తరగడానికి సుఖంగా ఉంటుంది. మనిషి మొత్తం ఎత్తుతో లెక్క వేయవద్దు. ఒకే ఎత్తున్న ఇద్దరి మోచేతులు ఒకే చోట ఉండాలని లేదు. ముప్పై అంగుళాల గట్టు పీట మీద కూర్చుని వండిన తరం ఆనవాలు అని నాకు అనిపిస్తుంది. లేచి నిలబడ్డాము గాని గట్టును సరిపడా లేపలేదు.

గట్టు మీద పెట్టే స్టవ్ వాడుతున్నారా, రాతిలో దిగే హాబ్ కొంటారా అన్నది కూడా ముందే తేల్చుకోండి. మామూలు స్టవ్ గట్టు మీద నాలుగైదు అంగుళాలు లేస్తుంది, దానిమీద కుక్కరు పెడితే మూత మీ అత్తగారి భుజాల దాకా వస్తుంది. గట్టు ఎత్తు పెంచేటట్లయితే, స్టవ్ వచ్చే మేరకు రాయిని నాలుగు అంగుళాలు దించి వేయించుకోవచ్చు. హాబ్ అయితే దించే అవసరం లేదు, కాని దానిని కొని ఇంటికి తెచ్చిన తరువాతే గ్రానైటు కోయించండి. కొలతల కాగితం చూసి కోస్తే ఒక్క అంగుళం తేడాతో రాయి మొత్తం మార్చవలసి వస్తుంది. నా మొదటి వంటగదిలో అదే జరిగింది.

ఎత్తు పెరిగితే కడప బండల మాటేమిటని వడ్రంగి గారిని అడగాలి.


రంపం_చిత్రిక

రెండు మూడు అంగుళాలే అయితే బండలను కదపనక్కరలేదు. పాత రాయి తీసి, నిలువు బండల మీద ఇటుక ముక్కతోనో కాంక్రీటు పట్టీతోనో ఎత్తు పెంచి కొత్త గ్రానైటు పరుస్తారు. స్టవ్ చోట రాయి దించాలంటే మాత్రం ఆ మేర బండలను కోయవలసి వస్తుంది, హాబ్ పెట్టుకుంటే ఆ బాధ లేదు. తలుపుల ఎత్తు కొత్త కొలతకు కోస్తాను, అంతే.


పెరటి_జామ

ఇప్పుడే టేపు పెట్టి కొలిచాము. మోచేతి దగ్గరకు నాకు ముప్పై తొమ్మిది అంగుళాలు, అత్తగారికి ముప్పై ఏడు. మీ లెక్క ప్రకారం నాకు ముప్పై మూడు నుంచి ముప్పై అయిదు, ఆవిడకు ముప్పై ఒకటి నుంచి ముప్పై మూడు. ముప్పై మూడు ఇద్దరికీ కలిసింది. నమ్మకం కుదరక, ఇప్పటి గట్టు మీద మూడు అంగుళాల మందాన పాత పుస్తకాలు పేర్చి, వాటిమీద చెక్క పలక వేసి, ఇద్దరమూ తలా ఒక అరకిలో బెండకాయలు తరిగి చూశాము. ఆవిడ భుజాల మాట ఎత్తలేదు, నా నడుమూ పలకలేదు. రాతిలో దిగే హాబ్‌నే కొంటున్నాము. సిలిండరు వాష్ ఏరియాలోకి వెళుతుంది. ఆదివారం ఇంజనీరు గారు గోడ చూసి ఏమన్నారో ఇక్కడే రాస్తాను.